ఫోటో వెనక సంతకం

పౌరసత్వం ఇచ్చే ముందు పాత కార్డు కత్తిరించి చూపించమన్నారు. రోసెండా వంటింటి బల్ల ముందు కూర్చుని, ఫోను పంచదార డబ్బాకు ఆనించి, కోడిమాంసం కోసే కత్తెరతో తన నివాస కార్డును రెండు ముక్కలు చేసి కెమెరాకు చూపించింది. తెరలోని అధికారిణి తల ఊపింది. మిగతా చిన్న చిన్న గళ్ళలో తొంభై మంది అదే పని చేశారు. ఆ తర్వాత అందరూ కుడిచెయ్యి ఎత్తి రాజుగారికి విధేయులమై ఉంటామని ప్రమాణం చేశారు. గంట కూడా పట్టలేదు. ఏడేళ్ళు మానిటోబా చలిలో పంది భుజాలు కోసిన మనిషి, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా కెనడా దేశస్తురాలైపోయింది.

అది మంగళవారం. శనివారం పుట్టిన ఊరు ఇలోయిలోలో ఆమె అన్న రొడాల్ఫో గుండె ఆగి పోయాడు.

సోమవారం పొద్దున పౌరసత్వ సర్టిఫికెట్టు వచ్చింది, ఈమెయిల్లో. కాగితం కావాలా, డిజిటల్ కావాలా అని అప్లికేషన్‌లో అడిగినప్పుడు తొందరగా వస్తుంది కదా అని డిజిటల్ మీద టిక్కు పెట్టింది. దాన్ని లైబ్రరీలో ప్రింటు తీయించి, మందుల షాపులో రెండు ఫోటోలు దిగి, శుక్రవారం రాత్రి విమానానికి టికెట్ కొనేసింది. వదిన ఫోన్లో ఏడుస్తూ చెప్పింది: ఫాదరు అంత్యక్రియలు వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదికి ఖాయం చేశాడు, అంతవరకూ శవపెట్టె తెరిచే ఉంచుతాం, అంతకన్నా ఆగడం మా వల్ల కాదు, నువ్వు వచ్చి చూడాలి.

రావాలంటే కెనడా పాస్‌పోర్ట్ కావాలి. పాత కార్డు రెండు ముక్కలై చెత్తబుట్టలో ఉంది. పాత దేశం పాస్‌పోర్ట్ మీద వెళ్తే వెళ్ళచ్చేమో గానీ తిరిగొచ్చే విమానం ఎక్కనివ్వరు. విన్నిపెగ్‌లోని పాస్‌పోర్ట్ ఆఫీసులో అర్జెంటుగా ఇస్తారు, కాకపోతే అప్లికేషన్ మీద ఒక హామీదారు సంతకం ఉండాలి. ఫోటో వెనక కూడా ఈ మనిషి ఫలానా అని అతనే తన చేత్తో రాసి సంతకం పెట్టాలి.

రోసెండా ఉండే ఫ్యాక్టరీ ఊళ్ళో హామీ అంటే ఎఫ్రెన్ గుస్తిలో. ఇంకో పేరు ఎవరి నోటా రాదు.

ఈ ఎఫ్రెన్ గారి సంగతి చెప్పాలి. పందిమాంసం ఫ్యాక్టరీలో కోత గదికి సూపర్వైజరు, మా ఇలోంగోల, అంటే ఇలోయిలో వైపు నుంచి వచ్చినవాళ్ళ, సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడు, పొట్ట ముందు నడిచి తను వెనక వచ్చే మనిషి. వయసులో చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరూ మనోంగ్ అనే పిలవాలి, అన్నగారన్నమాట. హామీ సంతకానికి దమ్మిడీ ముట్టడు, అదొక గొప్ప. డబ్బు బదులు మనిషినే తీసుకుంటాడు. నెస్తోర్ ఒక చలికాలం అంతా ఆయన వాకిట్లో మంచు ఎత్తాడు. దెమెట్ ఆయన కింది గదికి సున్నం వేసింది. కొత్తగా పెళ్ళయిన జంట ఆయన కూతురి పుట్టినరోజుకి పందిని నిలువునా కాల్చి మోసుకొచ్చింది. అందరూ వంగి వంగి థాంక్యూలు చెప్పారు కూడా. సిగ్గులేని జనం.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి రోసెండా ఆయన ఇంటికి వెళ్ళింది. లోపల సంఘం కమిటీ వాళ్ళు నలుగురు బీరు తాగుతున్నారు. గోడ మీద బాల యేసు పక్కన బంగారు రంగు ఫ్రేములో ఎఫ్రెన్ పౌరసత్వ సర్టిఫికెట్టు, దాని కింద జడ్జితో చెయ్యి కలుపుతున్న ఫోటో.

"రా ఇందాయ్, రా. ముందు ఆ సూపు అందరికీ వడ్డించు, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఎఫ్రెన్. ఇందాయ్ అంటే చెల్లాయి. ఆయన నోట్లో ఆ మాట పనిమనిషిని పిలిచినట్టే ఉంటుంది.

రోసెండా గిన్నెల్లో సూపు పోసింది. అందరూ తిన్నారు. గిన్నెలు తీసింది. కడిగింది కూడా. చేతులు తుడుచుకుని బ్యాగులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

ఎఫ్రెన్ సర్టిఫికెట్టు ప్రింటు తీసుకుని దీపం దగ్గర ఎత్తి చూశాడు. "ఇదేంటి?"

"సర్టిఫికెట్టు మనోంగ్."

"ఇదా?" ఆయన వేళ్ళతో కాగితాన్ని టపటపలాడించాడు. "పలచగా ఉంది. ముద్రేది? గట్టి కాగితం ఏది? ఇలాంటివి మా అబ్బాయి రోజుకి పది ప్రింటు తీస్తాడు." కమిటీ వాళ్ళ వైపు తిరిగాడు. "చూశార్రా? ఇదట పౌరసత్వం. ఫోన్లో వచ్చిందట. పిజ్జా వచ్చినట్టు!"

నలుగురూ పగలబడి నవ్వారు. కాగితం చేతులు మారింది. ఒకాయన దాన్ని బల్ల మీద పడేసి బీరు గ్లాసు దాని మీదే పెట్టాడు.

"మా కాలంలో హాల్లో జెండా ముందు నిలబెట్టారు. జడ్జి వచ్చి చెయ్యి కలిపాడు. కోటు వేసుకున్నాను నేను. నువ్వేం వేసుకున్నావ్ ఇందాయ్? నైటీయా?"

మా ఇలోంగోల మాట మెత్తగా, సాగదీసినట్టు ఉంటుంది. తిట్టినా బుజ్జగించినట్టే వినపడుతుంది. అందుకే ఆయన ఎదుటివాళ్ళ మొహం మీద ఉమ్మేసినా తుడుచుకోవడానికి కాస్త టైము పడుతుంది.

"మనోంగ్, మా అన్న పోయాడు. వచ్చే సోమవారం పూడుస్తారు. గురువారం నేను విన్నిపెగ్ వెళ్ళాలి" అంది రోసెండా.

"పాపం. దేవుడు ఆత్మకి శాంతి ఇవ్వాలి" అన్నాడాయన, ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంటూ. "కానీ నా పేరు పెట్టేది ఒట్టి కాగితం మీద కాదు. ఒరిజినల్ తెప్పించు. లేదా ఆదివారం పూజ అయ్యాక రా, ఫాదర్ని అడిగి ఆలోచిస్తా. శవం ఎక్కడికి పోతుంది ఇందాయ్? అక్కడే ఉంటుంది."

రోసెండా గ్లాసు పక్కకి జరిపి కాగితం తీసుకుంది. తన పేరు మీదుగా గుండ్రంగా తడి మరక పడింది. ఒళ్ళు మండిపోయింది. అయినా బయటికొస్తూ అలవాటు కొద్దీ "థాంక్యూ మనోంగ్" అని కూడా అంది. ఆ మాట అన్నందుకు ఇంటికి పోయేదాకా తనని తాను తిట్టుకుంది.

మంగళవారం కోత గదిలో రోజూ ఉండే చలే. తలకి వల, చెవులకి బిరడాలు, ఎడమచేతికి ఇనప వల తొడుగు. బెల్టు మీద పంది భుజాలు వరసగా వస్తుంటాయి. రోసెండా పక్కనున్న దెమెట్ భుజం ఎముకని చెక్కి లాగి తొట్టిలో పడేస్తుంది, రోసెండా ఆ మాంసం మీది కొవ్వు తీసి ముందుకు తోస్తుంది. దెమెట్రియాకి యాభై దాటాయి, లావుగా ఉంటుంది, నోట్లో నాలుక లేని మనిషి. ఏమన్నా బదులు చెప్పదని లైనంతా ఆమెని గోడ అంటుంది. ఆ పేరు పెట్టింది ఎఫ్రెన్. నవ్వినవాళ్ళలో రోసెండా కూడా ఉంది.

విరామంలో రోసెండా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళింది. నెస్తోర్ టీ కప్పు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"నేను పెట్టకూడదు రోసెండా. హామీ సంతకం హోదా ఉన్నవాళ్ళే పెట్టాలి. లేకపోతే కేసు పెడతారట."

"ఎవరు చెప్పారు?"

"మనోంగ్ ఎఫ్రెన్."

ప్యాకింగులో పనిచేసే లిగాయా మొహం చిట్లించింది. "నా సంతకమా? నేనెవర్ని? ప్యాకింగ్ దాన్ని. వాళ్ళు నవ్వుతారు. ఆయన కాళ్ళు పట్టుకోవే, పోయేదేముంది? నేను పట్టుకోలేదా?"

గొప్పగా చెప్పింది! రోసెండాకి ఆ క్షణంలో ఊరి మీదే అసహ్యం పుట్టింది. అట్లాంటి మనిషి ముందు చేతులు కట్టుకు నిలబడ్డ వీళ్ళందరి మీదా, పొద్దున అద్దంలో కనపడిన తన మొహం మీదా.

బుధవారం భోజనం వేళ ఆమె కాంటీనులో ఒంటరిగా కూర్చుని అప్లికేషన్ ముందేసుకుంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ చదివింది లేదు. ఎఫ్రెన్ ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెడతాడు, మిగతాది ఎఫ్రెన్ కొడుకు నింపుతాడు. రోసెండా అన్నం పక్కకి నెట్టి, హామీదారు గురించి రాసిన పేరాని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. ఫోన్లో ఆ ఇంగ్లీషుని తన భాషలోకి మార్చి మళ్ళీ చదివింది. కెనడా పాస్‌పోర్ట్ ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి. అప్లికేషన్ పెట్టుకునే మనిషిని కనీసం రెండేళ్ళుగా స్వయంగా ఎరిగి ఉండాలి. అంతే. హోదా మాట లేదు. సూపర్వైజరు మాట లేదు, సంఘం అధ్యక్షుడి మాట అసలే లేదు.

ఫోన్లోనే ఇంకొంచెం వెతికితే తెలిసింది. ఎప్పుడో పాత రోజుల్లో డాక్టర్లూ జడ్జీలూ లాయర్లూ లాంటివాళ్ళే హామీ పెట్టాలనే నియమం ఉండేదట. దాన్ని తీసేసి ఏళ్ళయింది. ఆ పాత జాబితాలో కూడా పందుల ఫ్యాక్టరీ సూపర్వైజరు లేడు! ఇన్నేళ్ళూ ఎఫ్రెన్ సంతకం చెల్లింది ఆయన పెద్దమనిషైనందుకు కాదు, ఆయన దగ్గర ఒక పాస్‌పోర్ట్ ఉన్నందుకు. ఆ పాస్‌పోర్ట్ నెస్తోర్ దగ్గరా ఉంది, లిగాయా దగ్గరా ఉంది. ఊళ్ళో సగం మంది బీరువాల్లో ఉంది. వాళ్ళంతా దాన్ని జేబులో పెట్టుకునే వెళ్ళి ఎఫ్రెన్ వాకిట్లో మంచు ఎత్తారు.

రోసెండాకి నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ఎదుటి బల్ల దగ్గర ఎండుచేప నంజుకుంటూ అన్నం తింటున్న దెమెట్ తలెత్తి చూసింది.

ఎన్నేళ్ళు పక్కన నిలబడింది? నాలుగు. పోయినేడు పాస్‌పోర్ట్ తెచ్చుకుంది. అయినా రెండు రోజులుగా ఊరంతా తిరిగిన రోసెండాకి పక్కన నిలబడే మనిషి ఒక్కసారి కూడా తట్టలేదు. గోడనెవరు అడుగుతారు?

లేచి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. "మనాంగ్ దెమెట్," అంది. ఆడవాళ్ళలో పెద్దవాళ్ళని అలాగే అంటారు, ఆమెని అలా పిలవడం ఇదే మొదటిసారి. "నాకు హామీ పెడతావా?"

దెమెట్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగి అడిగింది. "నేనా?"

"నువ్వే. పాస్‌పోర్ట్ ఉంది కదా. రెండేళ్ళకి పైగా నన్ను ఎరుగుదువు కదా. ఇంకేం అక్కర్లేదు. ఇదిగో, చదువు."

"నేను పెడితే పాడవుతుందేమో. నీ అన్నని చూడలేకపోతే?"

"ఆయన పెట్టకపోయినా చూడలేను."

దెమెట్ ఆ కాగితాన్ని చదవలేదు. రోసెండా మొహం చదివినట్టు చూసి, లేచి బేసిను దగ్గరికి వెళ్ళింది. సబ్బుతో ఒకసారి, రెండోసారి, మూడోసారి చేతులు కడుక్కుంది. పంది కొవ్వు ఎంత కడిగినా వేళ్ళకి అంటుకునే ఉంటుంది. కాగితం రుమాలు తీసుకుని పెన్ను అడిగి, ముందు రుమాలు మీద తన సంతకం నాలుగుసార్లు పెట్టి చూసుకుంది. కత్తి పట్టి పట్టి వంగిపోయిన వేళ్ళు పెన్ను దగ్గర మొండికేశాయి.

"ఉద్యోగం దగ్గర ఏం రాయను?"

"మాంసం కోసే కార్మికురాలు అని రాయి."

"నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. నేను రాసింది కూడా అదేగా."

దెమెట్ తన సెల్‌ఫోన్ నంబరు రాసింది, పని చోటు నంబరు రాసింది, పాస్‌పోర్ట్ నంబరు ఇంట్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి కనుక్కుని రాసింది. తర్వాత ఒక ఫోటోని బోర్లా పెట్టి, రోసెండా చెప్పిన వాక్యాన్ని అక్షరాలు విడివిడిగా దిద్దింది. ఇది రోసెండా పాలోమార్ నిజమైన పోలిక. కింద సంతకం పెట్టింది. పెన్ను పక్కన పెట్టి పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలింది.

అంతలో ఊరంతా తెలిసిపోయింది. కాంటీనులో గోడలకి చెవులెందుకు, లిగాయా ఉండగా. బెల్టు మళ్ళీ మొదలయ్యేసరికి ఎఫ్రెన్ తెల్లకోటు వేసుకుని చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి వాళ్ళిద్దరి మధ్య నిలబడ్డాడు.

"విన్నాను. ఎముకలు చెక్కేదాని సంతకంతో దేశం దాటుతావన్నమాట. బాగుంది ఇందాయ్. పిజ్జా కాగితం, గోడ సంతకం. జోడీ కుదిరింది."

రోసెండా కత్తి ఆపలేదు. "దారి ఇవ్వండి మనోంగ్. ముక్కలు పోగుపడుతున్నాయి."

"చించి మొహాన కొడతారు. అప్పుడు నా గుమ్మం ముందుకే వస్తావు. నేను తలుపు తీయను."

"తీయకండి. చలికాలం వాకిట్లో మంచు పడితే మీరే ఎత్తుకోవలసొస్తుంది చూడండి."

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చేశారు. ఎఫ్రెన్ చెవులు ఎర్రబడ్డాయి. దెమెట్ మాత్రం తలెత్తలేదు, కానీ ఆమె చెక్కిన ఏ ఎముక మీదా ఆ రోజు నూలుపోగంత మాంసం కూడా మిగల్లేదు.

గురువారం సెలవు పెట్టి రోసెండా తెల్లవారకముందే కారు తీసింది. విన్నిపెగ్ చేరి వరసలో నిలబడి, టోకెను తీసుకుని, పదకొండింటికి కౌంటరు దగ్గర కూర్చుంది. అవతల కళ్ళద్దాలు మెడలో దారానికి వేలాడేసుకున్న అధికారిణి. మొహంలో ఏ భావమూ లేదు.

ఆవిడ ప్రింటు చేతికి తీసుకోగానే రోసెండా ముందుకు వంగింది. "మరక పడింది మేడం. కాగితం... నాది డిజిటల్‌ది."

"నంబరు కనపడుతోంది కదా." అధికారిణి ఆ నంబరు కొట్టి తెర చూసింది. "మీ పేరు వచ్చింది. పౌరసత్వం సరిగ్గానే ఉంది." కాగితాన్ని పక్కన పెట్టేసింది. ఎఫ్రెన్ దీపం వెలుగులో ఎత్తి చూసి ఎగతాళి చేసిన కాగితం సంగతి ఈవిడకి అర నిమిషంలో తేలిపోయింది.

తర్వాత హామీదారు పేరు మీద వేలు పెట్టింది. "అర్జెంటు కేసు కాబట్టి ఈవిడతో మాట్లాడాలి."

సెల్‌ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. లైను మీద సెల్‌ఫోన్లు ఉండవు, లాకర్లో పడి ఉంటాయి. అధికారిణి పని చోటు నంబరు కొట్టింది. అది మోగేది ఎఫ్రెన్ గదిలోనని రోసెండాకి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఫోన్లో కేకలేసి మాట్లాడతాడు. రిసీవరు అవతలి చెవి దగ్గర ఉన్నా ప్రతి మాటా ఇవతలికి వినపడింది.

"దెమెట్రియాగారితో మాట్లాడాలి" అంది అధికారిణి.

"పనిలో ఉంది! ఎవరు?"

"పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి."

ఠక్కున గొంతు మారిపోయింది, తేనె పోసినట్టు. "ఓ, మేడం! గుడ్ మార్నింగ్ మేడం! నేను ఎఫ్రెన్ గుస్తిలో. సూపర్వైజర్ని. ఇక్కడ మా సంఘానికి అధ్యక్షుణ్ణి. ఆవిడకేం తెలీదు మేడం, చదువుకోలేదు, ఎముకలు చెక్కుతుంది. ఏం కావాలన్నా నన్ను అడగండి."

"మీరు హామీదారా?"

"ఇక్కడ అందరికీ నేనే మేడం!"

"ఈ అప్లికేషన్ మీద మీ పేరు లేదు."

"అదే మేడం, అదే పొరపాటు జరిగింది. ఆ అమ్మాయి సర్టిఫికెట్టు కూడా అదోలా ఉంది, నేను చూశాను..."

"సర్టిఫికెట్టు నేను చూసుకున్నాను. మీ పేరు లేదు కాబట్టి ఈ విషయం మీతో మాట్లాడను. ఆవిణ్ణి పిలవండి."

"పిలవాలంటే లైను ఆపాలి మేడం."

"ఆపండి" అంది అధికారిణి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అమ్మయ్య! రోసెండా ఒళ్ళో చేతులు బిగించి పట్టుకుంది. అక్కడ ఏం జరుగుతోందో ఆమెకి కళ్ళకి కట్టినట్టే ఉంది. ఎర్ర దీపం వెలుగుతుంది, బెల్టు కీచుమని ఆగుతుంది, నలభై మంది కత్తులు పట్టుకుని తలలెత్తుతారు. పదకొండేళ్ళుగా ఏలుతున్న అధ్యక్షుడు, పొట్ట ముందేసుకుని లైను పొడుగునా నడిచి, దెమెట్ ముందు నిలబడి, ఫోన్ నీకే అని చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి. దెమెట్ ఇనప తొడుగు విప్పుకుని ఆయన గదిలోకి వెళ్తుంది, ఆయన బయట నిలబడతాడు.

అయిదు నిమిషాలు పట్టింది. దెమెట్ గొంతు బయటికి వినపడలేదు. అధికారిణి మాటలే వినపడ్డాయి. "సంతకం మీదేనా?... ఎన్నేళ్ళుగా తెలుసు?... ఎలా తెలుసు?" అని అడిగి వినసాగింది. ఒకసారి కళ్ళెత్తి రోసెండాని చూసింది. మళ్ళీ వింటూ ఉండిపోయింది. పెన్ను కింద పెట్టేసింది. చివరికి "చాలమ్మా, చాలు, ఇక పనికి వెళ్ళండి" అని ఫోన్ పెట్టింది.

"నేను అడిగింది ఎలా తెలుసు అని ఒక్క ముక్క," అంది. "మీరు ఎడమచేతి బొటనవేలు కోసుకున్నప్పుడు కట్టు కట్టింది తనేనట. మీకు చలి వేస్తే పాట గొణుగుతారట, చేప తలకాయ చివరికి దాచుకుని తింటారట. మీ అన్నగారు పడవలు చేసేవారట, నీలం రంగు వేసేవారట. సోమవారం ఎనిమిదింటికట కదా."

రోసెండా బొటనవేలు చూసుకుంది. అన్న గురించీ పడవల గురించీ దెమెట్‌కి తను ఎప్పుడూ చెప్పలేదు. విరామంలో వేరేవాళ్ళకి చెప్తూ ఉండేది, పక్క బల్ల దగ్గర గోడ అన్నం తింటూ ఉండేది. ఏడుపు ముంచుకొచ్చింది. వదినతో మాట్లాడినప్పుడు కూడా రాని ఏడుపు. ఎదుట కూర్చున్న పరాయి మనిషి ముందు ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చింది. అధికారిణి కాగితం రుమాళ్ళ డబ్బా ఇవతలికి తోసి, రసీదు కొట్టి, మీద తేదీ వేసింది.

"రేపు మధ్యాహ్నం రెండింటికి వచ్చి తీసుకోండి. ఆలస్యం చేయకండి, సాయంత్రం మూసేస్తాం."

బయటికొచ్చి కార్లో కూర్చుని రోసెండా ఇలోయిలోకి ఫోన్ చేసింది. అవతల జాగారం చేస్తున్న బంధువుల మాటలు, ఎవరో కాఫీ అడుగుతున్నారు. వదిన గొంతు బొంగురుపోయి ఉంది.

"దొరికిందా?"

"రేపు చేతికొస్తుంది వదినా. ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటా."

"దేవుడా! ఆ ఎఫ్రెన్ గారేనా సంతకం పెట్టింది? ఇక్కడ కూడా అందరూ ఆయన పేరే చెప్తారు. ఆయన పేరు చెప్పి పూజలో ప్రార్థన చేయిద్దామా?"

"ఆయన కాదు. మనాంగ్ దెమెట్ పెట్టింది."

"ఎవరావిడ? పేరు వినలేదే. పెద్ద హోదా మనిషా?"

"నా పక్కన నిలబడి ఎముకలు చెక్కుతుంది వదినా," అంది రోసెండా. "ప్రార్థనలో ఆమె పేరు చెప్పించు. నేను వచ్చేదాకా పెట్టె మూయనివ్వకు."